జీర్ణోద్ధారణమా, పాతయినుమా?

ఫిరంగికి పీఠము దొరకును. యుద్ధమునందు పట్టువడిన టాంకునకు నాలుగు వీథుల కూడలిలో అరుగు కట్టి, రంగు వేసి, చుట్టును గొలుసులు దిగవేసి, పూలమొక్కలు నాటుదుము. 1965వ సంవత్సరమున పంజాబు పొలములలో చిక్కిన పాటన్ టాంకులు దేశమునందలి పలుపట్టణములలో ఇట్లు నిలిచి పిల్లలకు వింతగొలుపుచున్నవి. అది తప్పని మేమనము. కాని యుద్ధములలో గోతిలో పడిన బండిని పైకి లాగి, చెడిన ఇంజనును దాని పొట్టనుండి ఎత్తి, వంతెన దూలమును తావున దించిన క్రేనుబండి ఏమైనదని అడిగినచో సమాధానము చెప్పువారు అరుదు. డిపో వెనుకగోడ ప్రక్కన, తుమ్మచెట్ల నడుమ, టైర్లు నేలకు దిగి, చేయి మాత్రము ఆకాశమునకు చాచి అది నిలిచియుండును. లేదా ఏనాడో తునకలై కొలిమికి పోయియుండును. చంపు యంత్రమునకు గల మన్నన ఎత్తు యంత్రమునకు లేదు.

ఇట్టి క్రేనుబండిని బాగుచేయింపవలెనా, లేక విప్పి భాగములుగాను ఇనుముగాను అమ్మివేయవలెనా అను ప్రశ్న డిపో అధికారికి వచ్చును. దానముగా పొందిన కళాశాలాధ్యక్షునకు వచ్చును. వేలములో ఉత్సాహముకొలది పాడి ఇంటికి తెచ్చుకొన్న సంగ్రాహకునకు, తెచ్చిన మరునాడే వచ్చును. చిన్నప్రశ్నవలె కన్పించును. కాని ఈ ప్రశ్నకు మన దేశమున సామాన్యముగా సమాధానము చెప్పునది మనుష్యుడు కాదు, కాటా. ఎన్ని టన్నులు తూగును? టన్నుకు ఏమి ధర? ఇంతటితో విచారణ ముగియును. దీనికి ప్రతికూలముగా మఱియొక పక్షమువారు లేచి, ప్రాచీనమైనదెల్ల పవిత్రమేనని, తుప్పును సైతము తాకరాదని వాదింతురు. ఒకరిది బరువు, రెండవవారిది భావము. ఆ యంత్రము చేసిన పని యెట్టిదో, ఇక చేయగల పని యెంతయో విచారింపక చెప్పు తీర్పు ఏ పక్షముదైనను తీర్పు కాదు.

మొదట ఈ జాతి యంత్రముల చరిత్ర కొంచెము తెలియవలెను. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు సైన్యములు బండ్లను విరివిగా కొన్నవి గాని, విరిగిన బండిని ఏమి చేయవలెనన్న ఆలోచన వెనుకబడియుండెను. ఉత్తరాఫ్రికా ఎడారిలో ఆ పాఠము కఠినముగా బోధపడినది. సాయంకాలమునకు రణభూమిలో ఆగిపోయిన టాంకును రాత్రికి రాత్రి ఎవరు వెనుకకు లాగుకొనిపోగలరో, వారికి మరునాడు ఒక టాంకు అధికముగా నుండును. ఈ అవసరమునుండియే బ్రిటిషువారి విద్యుద్యాంత్రిక శాఖ 1942 అక్టోబరులోను, హిందూ దేశ సైన్యమునందలి తత్సమానశాఖ 1943లోను పుట్టినవి. ఆ రెండవదే నేడు ఈ.ఎం.ఈ. అని మనము పిలుచు శాఖ. దాని కళాశాల సికిందరాబాదు తిరుమలగిరిలో నుండుటచేత, ఈ విద్య మన తెలుగునేలకు పరాయిది కాదు. విరిగినదానిని ఎత్తి బాగుచేయుటయే వృత్తిధర్మముగా గల సైనికులు తరతరములుగా మన నడుమ తిరుగుచున్నారు.

ఆ యుద్ధమున వాడిన యంత్రములు ఒక్కొక్కటి ఒక్కొక్క బుద్ధికి నిదర్శనము. బ్రిటిషువారి స్కామెల్ పయొనీర్ బండి 102 అశ్వశక్తిగల గార్డ్‌నర్ డీసెలింజనుతో, ఎద్దు నడకతో పోవునది. దాని క్రేను రెండు మూడు టన్నులకు మించి ఎత్తదు, కాని లాగుటలో దానికి సాటి తక్కువ. అమెరికావారి డైమండ్ టి 969 బండిపై హోమ్స్ కంపెనీవారి జంటచేతుల క్రేను ఉండెను. ఒక చేతితో ప్రక్కకు లంగరు వేసికొని రెండవచేతితో ఎత్తగలుగుట దాని నేర్పు. విమానక్షేత్రములకై కోల్స్ కంపెనీవారు చేసిన క్రేను మఱియొక విధము. ఇంజను డైనమోను త్రిప్పగా, ఆ విద్యుత్తుతో ఎత్తుటకును, త్రిప్పుటకును, చేయి వాల్చుటకును వేర్వేరు మోటార్లు పనిచేయును. కూలిన విమానమును అదరకుండ, బెదరకుండ నేలనుండి లేపుటకు అట్టి మృదుత్వము కావలసివచ్చినది. యుద్ధానంతరము అమెరికా సైన్యము చేయించిన ఎం. 543 అను ఆరుచక్రముల బండి హైడ్రాలిక్ క్రేనుతో, ముందొకటి వెనుకొకటి లాగుడుయంత్రములతో, పదునైదు టన్నులకు పైబడిన కాయముతో దశాబ్దములపాటు ఆ సైన్యములో సేవచేసినది. నేడు పాశ్చాత్యదేశములలో సంగ్రాహకుల చేతికి తరచుగా వచ్చుచున్నది ఈ తరగతి బండియే.

ఇక అసలు విచారమునకు వత్తము. క్రేనుబండి యనునది ఒకే దేహమున నున్న రెండు యంత్రములు. క్రిందిది రహదారిపై నడచు బండి. పైది భారమెత్తు క్రేను. బండిని బాగుచేయుట ఒక విద్య, క్రేనును బాగుచేయుట మఱియొక విద్య. బండి చెడినచో దారిలో ఆగును. క్రేను చెడినచో దాని క్రిందనున్న మనుష్యుడు చచ్చును. ఈ భేదమును గ్రహింపకుండుటచేతనే పాతబండ్ల ప్రియులు తరచు పొరబడుచున్నారు. ఇంజను మొరసినది, దీపములు వెలిగినవి, ఊరేగింపులో నడచినది, కాబట్టి ఇక ఎత్తగలదని అనుకొందురు. పొలములో పడిన మోటారును పైకి తీయుమని పొరుగువాడు అడుగును. కాదనుటకు మొగమోటము. అక్కడ కథ చెడును.

ఇంజను గూర్చి అందరును మొదట అడుగుదురు. మా దృష్టిలో అది చివరి ప్రశ్న. కదలని ఇంజను క్రేనును తునకలు చేయుటకు కారణము కాదు. గర్జించు ఇంజను దానిని నిలుపుటకు కారణము కాదు. ఇంజనునకు బదులు ఇంజను దొరకును. పిస్టన్లు, బేరింగులు చేయించుకొనవచ్చును. కాని క్రేను మొదలున నున్న తిరుగుడు పీఠము, అనగా పైభాగమంతయు ఏ వలయముపై తిరుగునో ఆ వలయము, అరిగినచో దానికి బదులు దొరకుట కష్టము. దానిని చూచుటకు ఉపాయము గలదు. చేయి కొనను స్వల్పముగా ఎత్తియు దించియు, పీఠముయొక్క అంచు ఎంత ఊగుచున్నదో కొలత గడియారముతో చూడవలెను. తరువాత దానిని పట్టియున్న మరలను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. ఒక మర తెగి, దాని తల మాత్రము గ్రీజులో అంటుకొని యథాస్థానమున కన్పించుట కలదు. కంటికి పూర్ణము, పనికి శూన్యము.

చట్రము సంగతి యింతే. రెండుపలకలు కలిపి రివెట్లు వేసినచోట నడుమ తుప్పు పుట్టి, ఉక్కును ఉబ్బించి, విడదీయును. పైన క్రొత్తరంగు వేసినచో మిసమిసలాడుచుండును. కావున పాతక్రేనును చూడబోవువాడు మొదట రంగును నమ్మరాదు. చిన్నసుత్తి చేతబట్టుకొని తట్టుచు నాదము వినవలెను. కుమ్మరివాని యొద్ద కుండ కొనునప్పుడు మన గృహిణులు చేయు పరీక్షయే ఇది.

చేతిని, అనగా బూమును, పరీక్షించుటలో మఱింత జాగరూకత కావలెను. జాలకట్టుగా నిర్మించిన చేతిలో ఒక్క సన్నని కమ్మి వంగినను మొత్తము బలము తగ్గును. వంగినదానిని సుత్తెతో సరిచేసినచో రూపము వచ్చును గాని బలము రాదు. చేయి మొదట నుండు మేకు దూరిన రంధ్రము గుండ్రముగా నున్నదా, కోడిగ్రుడ్డువలె సాగినదా చూడవలెను. ఎవరో, ఎక్కడనో, ఎప్పుడో వేసిన వెల్డింగు అతుకులను అన్నిటికన్న ఎక్కువగా అనుమానింపవలెను. యుద్ధసమయమున త్వరలో వేసిన అతుకు ఆ దినమునకు చాలినది. ఎనుబదియేండ్లకు చాలునని దానిని వేసినవాడుకూడ చెప్పలేదు. పగుళ్లను కనుగొనుటకు రంగునీరు పూసి తుడిచి చూచు పద్ధతియు, అయస్కాంతపుపొడి చల్లి చూచు పద్ధతియు గలవు. ఇవి పెద్ద ఖర్చులు కావు. క్రొత్తరంగుకు పోయు డబ్బులో కొంత వీనికి ముందుగా పోసినచో, తరువాత పశ్చాత్తాపము తప్పును.

ఇనుపత్రాటిని గూర్చి వాదమే వలదు. పాతత్రాడు పైకి నల్లగా నిగనిగలాడుచున్నను లోపలి పోగులు తుప్పుపట్టి పొడియై యుండవచ్చును. దానిని తీసి పారవేయవలసినదే. కొక్కెపు నోరు సాగియున్నచో అది ఒకప్పుడు తనకు మించిన భారమును మోసినదని తానే సాక్ష్యము చెప్పుచున్నది. దానిని కాల్చి మరల వంచుట పాపము. హైడ్రాలిక్ యంత్రమైనచో సిలిండర్ల సీళ్లు మార్చుట సులభము. కాని కడ్డీ గుంటలు పడియున్నచో క్రొత్తసీలు నాలుగుదినములలో చినిగిపోవును. గొట్టము హఠాత్తుగా పగిలినను చేయి కూలకుండ ఆపు కవాటము దానికి కలదా లేదా అన్నది అడుగవలసిన ప్రశ్న. లేనిచో దానిని అమర్చువఱకును ఆ చేతిక్రింద ఎవరును నిలువరాదు.

వీనియన్నిటికిని మించినది ఒక చిన్న లోహపు పలక. నడపువాని కన్నులయెదుట తగిలించియుండు భారపట్టిక అది. ఎం. 543 క్రేను 20,000 పౌనులు, అనగా సుమారు 9 మెట్రిక్ టన్నులు ఎత్తునని చెప్పుదురు. ఎప్పుడు? బండిని చదునైన గట్టినేలపై నిలిపి, ఊతకాళ్లు దించి, చేతిని కురుచగా నుంచినపుడు. చేయి చాచినకొలదియు శక్తి తగ్గును. మూడుమీటర్ల దూరమున పదిటన్నులెత్తు క్రేను ఆరుమీటర్ల దూరమున, కేవలము తక్కెడలెక్క ప్రకారమే, అయిదుటన్నులకు మించి ఎత్తరాదు. చాచిన చేతియొక్క స్వభారమును కలుపుకొన్నచో అంతకంటెను తక్కువ. ఈ లెక్కను పలక చెప్పును. పలక ఊడిపోయినచో ఆ యంత్రము మూగది. అప్పుడు ఊహతో నడుపుటకంటె, తయారీదారుని గ్రంథమునో సైన్యపు సాంకేతిక గ్రంథమునో సంపాదించి క్రొత్తపలక చెక్కించుట మేలు. అమెరికా సైన్యపు గ్రంథముల ప్రతులు నేడు సులభముగనే దొరకుచున్నవి.

శాసనము ఈ విషయమున ఏమి చెప్పినది? 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షనులో, భారమెత్తు ప్రతియంత్రమును, ప్రతిగొలుసును, ప్రతిత్రాటిని పండ్రెండు మాసములకు ఒకసారియైనను యోగ్యుడైన నిపుణుడు క్షుణ్ణముగా పరీక్షింపవలెననియు, నిర్ణీతభారమునకు మించి ఎత్తరాదనియు, ఆ భారమును యంత్రముపై స్పష్టముగా వ్రాయవలెననియు విధించెను. తరువాత శాసనముల పేర్లు మారినను ఆ విధి వెనుకనున్న అనుభవము మారదు. తన తోటలో సరదాకు క్రేను నడుపు ఔత్సాహికునికి ఇట్టి చట్టము వర్తింపకపోవచ్చును, భూమ్యాకర్షణ వర్తించును.

మఱియొక శాసనముపై మాకు ఫిర్యాదు గలదు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనముల నిబంధనలను సవరించి, ఏబదియేండ్లు దాటిన ప్రాచీన వాహనములకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను ఏర్పరచినారు. ఇరువదివేల రూపాయల రుసుము, ‘వి.ఏ.’ అను అక్షరములతో ప్రత్యేకమైన సంఖ్య, ప్రదర్శనలకును ఊరేగింపులకును మాత్రము నడుపు అనుజ్ఞ. మంచిదే. కాని ఆ నిర్వచనములో ద్విచక్రవాహనములును, నాలుగుచక్రముల ప్రయాణికుల మోటార్లును మాత్రమే చేరినవి. సంస్థానాధీశుల రోల్స్‌రాయిసునకు ప్రాచీనత గలదు. దేశమునకు వంతెనలు కట్టిన లారీకి, ఆనకట్టలకు రాళ్లెత్తిన క్రేనుకు ప్రాచీనత లేదు! శ్రమించిన యంత్రమునకు వార్ధక్యము వచ్చునే గాని గౌరవము రాదని శాసనమే చెప్పినట్లున్నది. 2023 ఏప్రిలునుండి పదునైదేండ్లు దాటిన ప్రభుత్వవాహనములకు రిజిస్ట్రేషను నిలిపివేసినపుడు దేశరక్షణకార్యమునందున్న ప్రత్యేకవాహనములకు మినహాయింపునిచ్చినారు. సేవ ముగిసి అట్టి బండి ప్రభుత్వకళాశాలకు రహదారిబండిగా వచ్చినచో ఆ మినహాయింపు దానిని వెన్నంటి వచ్చునని చెప్పుటకు వీలులేదు. కాబట్టి నేటిస్థితిలో పాతక్రేనును బాగుచేయువారు దానిని రహదారిపై నడపగలమన్న ఆశతో గాక, ఆవరణలో నిలుపుకొనుటకే సిద్ధపడవలసియున్నది. నిర్వచనములో సరకుబండ్లను, పనిబండ్లను చేర్చుటకు ఒక్క వాక్యము చాలును. పార్లమెంటు సభ్యులెవరైన ఆ వాక్యమును అడుగుదురా?

బాగుచేయుట వృథాశ్రమ యని తేల్చువారికి కాన్పూరు కథను జ్ఞాపకము చేయుదుము. యుద్ధము ముగిసినపుడు విదేశసేనలు తమ లిబరేటరు బాంబరు విమానములను కాన్పూరులో వదలి, ఎవరును మరల వాడుకొనరాదని వానిని బుద్ధిపూర్వకముగా చెఱచిపోయినవి. స్వతంత్రభారతమునకు బాంబరు విమానములు లేవు; అమ్మువారును సుముఖులుగా లేరు. 1948లో మన హిందూస్థాన్ విమానకర్మాగారపువారు ఆ శవములగుంపులోనికి పోయి, ఒకదానినుండి రెక్క, మఱొకదానినుండి చక్రము తెచ్చి, పోవుటకు చాలినంతమాత్రము అతికి, బెంగుళూరునకు ఎగురవేసికొని వచ్చి, అక్కడ పూర్ణముగా పునర్నిర్మించినారు. ఇట్లు సుమారు నలుబది విమానములు ప్రాణము పోసికొన్నవి. 1968 వఱకు అవి మన వాయుసేనలో సేవచేసినవి. తరువాత వానిలో కొన్ని బ్రిటను, కెనడా, అమెరికా దేశముల ప్రదర్శనశాలలకు పోయినవి. చెఱచి పారవేసినవారి ముని మనుమలు నేడు వానిని టిక్కెట్టు కొని చూచుచున్నారు.

అయితే దీనినిబట్టి ప్రతి పాతయంత్రమును నిలుపవలెనన్నచో అదియు అతివాదమే. అదేకాలమున అమెరికా సైన్యపు మిగులు ట్రాక్టర్లతో కేంద్రప్రభుత్వము మధ్యభారతమునందలి రెల్లుభూములను దున్నించుటకు ఒక సంస్థను స్థాపించినది. ఆ పాతట్రాక్టర్లు పనిని ప్రారంభించుటకు సాయపడినవి. పనిని కొనసాగించుటకు 1949లో ప్రపంచబ్యాంకునుండి కోటిడాలర్ల ఋణము తెచ్చి క్రొత్తట్రాక్టర్లు కొనవలసివచ్చినది. అవసరమున పాతయంత్రము వంతెన. దానిపైననే ఇల్లు కట్టుకొనరాదు. కాన్పూరు విమానములకును మన డిపో క్రేనుకును ఒక భేదము గలదు. ఆనాడు మనకు బదులు లేదు. నేడు ఎత్తుటకు క్రేను కావలెనన్నచో బాడుగకు గంటలో వచ్చును. కావున ఎత్తుడుపనికై పాతసైనికక్రేనును బాగుచేయుట అనగా ఉన్న సౌకర్యమును వదలి లేని ప్రమాదమును కొనుట. బాగుచేయుటకు కారణము ఉన్నచో అది విద్యయైయుండవలెను, జ్ఞాపకమైయుండవలెను. కూలిడబ్బు మిగులుట కారాదు.

ఇచ్చట మా పక్షము స్పష్టముగా చెప్పుదుము. చట్రము, తిరుగుడుపీఠము, చేయి, ఈ మూడును గట్టిగానున్న యంత్రమును, అందును అరుదైన జాతిదానిని, తప్పక నిలుపవలెను. నిలిపినపిదప అది తిరుగవచ్చును, చేయి ఆడింపవచ్చును, పిల్లలకు పండ్లచక్రముల రహస్యము బోధింపవచ్చును. నిపుణుడు పరీక్షించి, నిర్ణీతభారమునకు పావువంతు అధికముగా వ్రేలాడదీసి చూచి, సంతకము చేయువఱకును దాని కొక్కెమునకు భారము తగిలింపరాదు. ఆ మూడింటిలో ఒకటి చెడినను, ఎవరెంత కన్నీరు కార్చినను, విప్పివేయుటయే ధర్మము.

మన ఆగమములయందు జీర్ణోద్ధారణమునకు ప్రత్యేకవిధి గలదు. మండపమునకు దూలము మార్చవచ్చును, గోడకు సున్నము వేయవచ్చును. కాని మూలబింబమే భిన్నమైనచో దానిని విధిపూర్వకముగా నీట వదలి, క్రొత్తబింబమును ప్రతిష్ఠింతురు. ప్రాచీనతపై మన పెద్దలకు మనకంటె తక్కువ భక్తి లేదు. అయినను దేనిని మార్చవచ్చును, దేనిని వదలవలెనన్న గీత వారు గీసికొన్నారు.

విప్పుట అనగా కొలిమికి పంపుట యని కాదు. వజ్రాయుధమునకై దధీచి తన యెముకలనిచ్చినట్లు, చెడిన క్రేను తన ఇంజనును, గేరుపెట్టెను, లాగుడుయంత్రమును, సిలిండర్లను, తుదకు తలుపు గడియలను సైతము బ్రదుకగల మఱియొక క్రేనుకు ఈయగలదు. ఎనుబదియేండ్లనాటి యంత్రమునకు క్రొత్తభాగము చేయువారు లేరు గనుక, ఒకటి విప్పకుండ మఱొకటి నిలువదు. పాశ్చాత్యదేశములలో నేడు మెఱయుచు ఊరేగు బండ్లలో అనేకములు రెండుమూడు బండ్లనుండి కూర్పబడినవి. ఇందు సిగ్గుపడవలసినది లేదు, దాచవలసినదియు లేదు. ఏ భాగము ఏ సంఖ్యగల బండినుండి వచ్చినదో ఒక పుస్తకములో వ్రాసియుంచినచో చాలును.

విప్పువారి ప్రాణము సంగతి ఇక్కడ చెప్పకతప్పదు. పాతయినుపదుకాణములలో ఈ పని చేయువారు దినకూలీలు. గ్యాసుకత్తి చేతికిచ్చి, కోయుమని చెప్పి, యజమాని నీడకు పోవును. ఇంధనపుతొట్టిలో మిగిలిన ఆవిరి ప్రేలవచ్చును. ముక్కలుగా బిగించు చక్రపుటంచులలో గాలి తీయక వలయమును వదలించినచో అది ఫిరంగిగుండువలె ఎగయును. బ్రేకుపట్టీలలో ఆస్‌బెస్టాసు గలదు. యుద్ధకాలపు మీటర్ల ముఖములపై చీకటిలో వెలుగుటకు పూసిన రేడియము గలదు. సైన్యములో ఈ యంత్రమును తాకువానికి శిక్షణము గలదు, గ్రంథము గలదు, పర్యవేక్షణము గలదు. గేటు దాటిన మరుక్షణమున ఆ మూడును పోవును. అమ్మువారికి సొమ్ముపై గల శ్రద్ధలో పదియవవంతు దీనిపై నుండిన బాగుండును.

నిలుపదలచినవారికి ఒక హెచ్చరిక. క్రయధనము మొదటి అల మాత్రమే. పదునైదుటన్నుల బండిని ఇంటికి తెచ్చుటకు లోతట్టు ట్రైలరు కావలెను. దానిపై ఎక్కించుటకు, విచిత్రమేమనగా, మఱియొక క్రేను కావలెను. ఎం. 543 వంటి బండికి పది టైర్లు. రబ్బరు చూపునకు మందముగా నున్నను వయసుచేత పెళుసెక్కును. ఆనాటి బ్రేకులు ఒకే మార్గముపై నడచునవి. ఒక్క గొట్టము పగిలినచో అన్నిచక్రములకును బ్రేకు పోవును. తరువాత చూరు. పైకప్పు లేక జీర్ణోద్ధారణము లేదు. రెండు వర్షకాలములు వానలో నిలిచినచో చేసినదంతయు మొదటికి వచ్చును.

విక్రాంత నౌకకు జరిగినది ఇదియే కదా. 1961లో సేవకు వచ్చి, 1971 యుద్ధమున వంగసముద్రమును కాచినది. దానిని వెదకుచు వచ్చిన శత్రువుల జలాంతర్గామి ‘ఘాజీ’ మన విశాఖతీరముననే మునిగినది. 1997లో విరమించిన పిదప ఆ నౌకను బొంబాయిలో ప్రదర్శనశాలగా నుంచినారు. ఉంచినారే గాని, దాని క్రిందిభాగమును ఎవరు పోషింతురో తేల్చలేదు. 2012లో భద్రత లేదని మూసివేసినారు. 2014లో తునకలు చేయనారంభించినారు. ఆ లోహము కొంత 2016లో మోటారుసైకిళ్లలో చేరి అమ్ముడుపోయినది. జాతి కన్నీరు పెట్టుకొన్నది. కాని ఆ కన్నీరు పదునైదేండ్లు ఆలస్యముగా వచ్చినది. దీనికి ప్రక్కనే విశాఖలోని కురుసుర జలాంతర్గామిని చూడుడు. 2001లో విరమించినది, మరుసంవత్సరమే ఇసుకపై ఆధారపీఠము కట్టి నిలిపి, పోషించుటకు ఒక సంస్థను, చూచుటకు జనమును ఏర్పరచినారు. నేటికిని నిలిచియున్నది. ముందు తావు, ముందు పోషకుడు, తరువాత యంత్రము. క్రమము తారుమారైనచో బాగుచేయుటయు కూల్చుటయే యగును, కొంత ఆలస్యముగా.

మన పాలిటెక్నిక్కులకును ఐ.టి.ఐ.లకును ఇట్టి యంత్రములు తగినవని మా తలంపు. నేటి బండి ఇంజను మూతయెత్తినచో కన్పించునది నల్లని పెట్టె. పాతక్రేనునందు శక్తి ఎక్కడ పుట్టి ఎట్లు నడచి ఎక్కడ భారమును లేపునో కంటితో చూడవచ్చును, వ్రేలితో తాకవచ్చును. కోల్స్ క్రేనునందలి వేర్వేరు మోటార్లను ఒకసారి విప్పి బిగించిన విద్యార్థికి విద్యుద్యంత్రశాస్త్రము పుస్తకమునందలి చిత్రముగా మిగులదు. విశాఖరేవులో తరతరములుగా భారములెత్తిన కళాసీల నేర్పు, కప్పీ వేయుటలో, ముడి బిగించుటలో, చేతిసంజ్ఞలలో గల వారి శాస్త్రము, ఈ యంత్రముప్రక్కనే నేర్పదగినది. అట్టి వృద్ధులు ఇంకను కొందరు మిగిలియున్నారు. యంత్రము వేచియున్నను వారు వేచియుండజాలరు.

డిపోలవారు చేయగల పని సులభము. వేలపుప్రకటనలో బరువు వ్రాయుచున్నారు. దానితోపాటు తయారీదారుని పేరు, నిర్మాణసంవత్సరము, సంఖ్య, చట్రమును పీఠమును చేతిని గూర్చి తమ ఇంజనీరు అభిప్రాయము వ్రాయవలెను. నిర్వహణపుస్తకమును గోనెసంచిలో వేసి వేఱుగా అమ్మక, యంత్రముతోనే పంపవలెను. వేలమునకు ముందు ఒక నెల విద్యాలయములకును ప్రదర్శనశాలలకును అడుగుటకు అవకాశమీయవలెను. ఎవరును అడుగకున్న ఇనుపవ్యాపారి ఎట్లును గలడు; అతడు ఒక నెల ఆగినచో అతనికి నష్టము లేదు.

ఇక తీర్మానము ఏదైనను, అది కాగితములలో తిరుగులాడు కాలమున ఒక పని ఆగరాదు. డిపోవెనుక ఆకాశమునకు చాచియున్న ఆ చేతిని తెలిసినవారిచేత మెల్లగా నేలకు దింపించి, కొక్కెమును విప్పి, గదిలో పెట్టి తాళము వేయింపవలెను. మధ్యాహ్నవేళల దాని నీడలో మేకలు పండుకొనుచున్నవి, పిల్లలు ఆ త్రాటిని పట్టుకొని ఊగుచున్నారు.